మూత మంత్రి

జూన్ 3
నా ఏనుగు పోయింది. చూసుకోలేదు.
లంచ్‌లో మేనేజర్ ఒక ఎత్తు, నేనొక ఎత్తు, రోజుకి అంతే. ఆ రూల్ ఆయనదే. చెస్ బోర్డు టీ రూమ్‌లో ఫ్రిజ్ మీద ఉంటుంది, ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఏనుగుని తీసేటప్పుడు ఆయన వేళ్ళకి గుడ్డు పచ్చసొన ఉంది. పక్కనున్న గుర్రం చెవికి అంటింది. నేనే తుడిచాను. ఎందుకు తుడిచానో తెలియదు.

జూన్ 5
ఆట తెలిసినవాడెవడైనా ఈ పాటికి ఓటమి ఒప్పేసుకుని రిజైన్ చేస్తాడు. కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి కూడా అంది, ఇంకేం మిగిలిందండీ, లేచెయ్యండి అని. ఆ అమ్మాయికి గుర్రం ఎలా నడుస్తుందో కూడా తెలియదు.
లేవలేను. లేస్తే ఆయన షేక్‌హ్యాండ్ ఇస్తాడు. ఆ వేళ్ళతో.

జూన్ 12
సీనియర్ టెక్నీషియన్ పోస్టు మేనేజర్ గారి మేనల్లుడికి ఇచ్చి ఇవాళ్టికి ఆరు నెలలు. పన్నెండేళ్ళుగా ఇక్కడ లెన్సులు అరగదీస్తున్నది నేను. అరిగింది ఎవరో మరి.
ఇవాళ ఆ మహానుభావుడు ఒక పెద్దాయన లెన్సుకి యాక్సిస్, అదే పవర్ కూర్చోవాల్సిన కోణం, 80 పెట్టాల్సింది 180 పెట్టాడు. పెద్దాయన ఆ కళ్ళద్దాలు పెట్టుకుని, ఉత్త నేల మీద మెట్టుందనుకుని కాలెత్తి అడుగేశాడు. మళ్ళీ నేనే చేసిచ్చాను. తప్పులు రాసే రిజిస్టర్‌లో సంతకమూ నాదే. నీది పెద్ద మనసయ్యా, ఈసారి నీ పేరే పంపుతా అన్నాడు మేనేజర్. నాలుగేళ్ళుగా ఇదే పాట.
లంచ్‌లో శకటు కూడా పోయింది.

జూన్ 13
ఇంటికి రాగానే మా ఆవిడ, రిజైన్ చేశారా అని అడిగింది. ఇంకా లేదు, ఒక గుర్రం, రెండు బంట్లు ఉన్నాయి, చూద్దాం అన్నాను. తల కొట్టుకుంది. తను అడిగింది ఉద్యోగం సంగతి. వాళ్ళ తమ్ముడు కళ్ళద్దాల షాపు పెడుతున్నాడు, మెషిన్ దగ్గరకి మనిషి కావాలి. బావ వస్తానంటే కళ్ళు మూసుకుని అప్పజెప్పేస్తా అన్నాడట. కళ్ళద్దాల షాపువాడు కళ్ళు మూసుకోవడమేమిటి అన్నాను. మా ఆవిడ నవ్వలేదు.
నిజం రాయాలంటే, బామ్మర్ది కింద పనిచేయడం నామోషీ. ఇక్కడ నామోషీ కాదా అంటే, దీనికి అలవాటు పడ్డాను.

జూన్ 24
ఛీ.

జూన్ 25
నిన్న రాయబుద్ధి కాలేదు. గుర్రం మొన్ననే పోయింది. నిన్న ఆయన బంటు చివరి గడికి చేరి మంత్రి అయింది. మంత్రి ఒకటి ఉండగానే రెండోది. బొమ్మ ఇంకోటి లేదుగా, కొట్టేసిన నా ఏనుగునే తలకిందులుగా నిలబెట్టాడు. నా ఏనుగుని!
నాలుగు ఎత్తుల్లో ఆట కట్టెయ్యొచ్చు. నాకే కనిపిస్తోంది, వాడికి కనిపించదా? కట్టడు. ముందు నా బంట్లు ఏరుకు తింటాడు, ఆ తర్వాత ఇంకో మంత్రిని తెచ్చుకుంటాడు. గుడ్డు నములుతూ, తొందరేముందయ్యా అంటాడు. చచ్చిన పాముని కొట్టడమంటే ఇదే. అయినా పాముకైనా సిగ్గుండాలి. చచ్చానని చెప్పొచ్చుగా.

జూలై 3
మూడో మంత్రి వచ్చింది. దాని కోసం ఉప్పు సీసా మూత పెట్టాడు. నాకు రాజు ఒక్కడే మిగిలాడు. మూల గడికి చేర్చాను.
స్టేల్‌మేట్ మీద ఆశ. రాజుకి చెక్ ఉండకూడదు, కదలడానికి గడీ ఉండకూడదు. అప్పుడు డ్రా, ఆట ఆ క్షణానే అయిపోతుంది. అంటే ఎదుటివాడు పొరపాటు చేస్తాడేమోనని నోరు తెరుచుకుని కూర్చోవడం. ఇన్నాళ్ళూ వాడిమీద ఉన్న రోత ఇవాళ నా మీదకి తిరిగింది. పన్నెండేళ్ళూ ఇలాగే కూర్చున్నానా అనిపించింది. టీ తాగి మెషిన్ దగ్గరికి వెళ్ళిపోయాను.

జూలై 4, మధ్యాహ్నం
సెలవు పెట్టి పన్ను పీకించుకున్నాను. ఇంత కుళ్ళేదాకా ఎందుకు ఉంచుకున్నారండీ అని తిట్టింది డాక్టరమ్మ. నోరు ఆవిడ చేతుల్లో ఉంది, ఏం చెప్పను.
బయటికొచ్చి, నోట్లో దూదితోనే, 1:40కి మేనేజర్‌కి మెసేజ్ పెట్టాను. సర్, ఇక లాగలేను, రిజైన్ చేస్తున్నాను. హాయిగా ఉంది. నెల క్రితం చేయాల్సిన పని.

జూలై 5
నా మెషిన్ ముందు మేనల్లుడు కూర్చున్నాడు.
మేనేజర్ నా మెసేజ్ ఉన్నదున్నట్టు హెడ్ ఆఫీస్‌కి పంపేశాడు. వాళ్ళు సాయంత్రానికల్లా ఒప్పేసుకున్నారు. పన్నెండేళ్ళలో వాళ్ళు ఇంత తొందరగా చేసిన పని ఇదొక్కటే. సర్, నేనన్నది చెస్ గురించి అన్నాను. ఆయన ముందు బిత్తరపోయాడు, తర్వాత పొలమారేదాకా నవ్వాడు. నవ్వు ఆపుకుని, ఏం పోయిందయ్యా, రిజైన్ చేసింది ఆటకే, ఉద్యోగానికి కాదు అని రేపొక కాగితం రాసివ్వు, పైవాళ్ళకి నేను చెప్పుకుంటా, కాకపోతే ఇక సీనియర్ పోస్టు ఊసెత్తకు అన్నాడు.
మింగలేక కక్కలేక తలూపాను. మా ఆవిడకి చెప్పలేదు. కాగితం రాసి బ్యాగులో పెట్టుకున్నాను. చేతిరాత నాదేనా అనిపించింది.

జూలై 6, లంచ్
కాగితం ఇద్దామని టీ రూమ్‌కి వచ్చాను. ఆయన లేడు. నిన్న బోర్డు వైపు చూడనే లేదు, నేను లేనప్పుడు ఆయన వేసిన ఎత్తు అలాగే ఉంది. మూత మంత్రిని జరిపాడు.
నా రాజు మూలలో. చుట్టూ ఉన్న మూడు గడులూ మూతే కాస్తోంది. రాజు నిలబడ్డ గడిని మాత్రం ఎవరూ కొట్టడం లేదు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. స్టేల్‌మేట్. చావు తప్పి కన్ను లొట్టపోయింది.
సార్ ఇది ఎప్పుడు వేశారని కౌంటర్ అమ్మాయిని అడిగాను. మొన్న ఒంటిగంటకేనండీ, రేపొచ్చి చూసుకుని ఏడుస్తాడని నవ్వారు కూడా అంది.
ఒంటిగంటకి. నా మెసేజ్ 1:40.

జూలై 6, సాయంత్రం
పాత కాగితం చింపేసి కొత్తది ఇచ్చాను. ఆట ఒంటిగంటకే డ్రా అయింది, అయిపోయిన ఆటకి రిజైన్ చేయడం కుదరదు, కాబట్టి నేను రిజైన్ చేసింది ఉద్యోగానికే.
షేక్‌హ్యాండ్ ఇవ్వలేదు. వచ్చేముందు మూత తీసి సీసాకి బిగించాను.
ఇంటికొచ్చి రిజైన్ చేశానని చెప్పాను. ఆటకా అంది మా ఆవిడ.