ఝాన్సీ వాళ్ళ నాన్న ఎవరు?

బిలాస్‌పూర్, సోమవారం

తెలుగు సంఘం సెక్రటరీ నాగభూషణం అంకుల్‌కి నమస్తే.

ఆదివారం రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలు తీసిన షార్ట్ ఫిల్మ్ వేస్తున్నారు కదా. ప్లీజ్, వెయ్యకండి. అందులో ఝాన్సీ అనే అమ్మాయి అద్దం ముందు నిలబడి, లోపలున్న భయంతో ఫైట్ చేసి, "నాన్నా, నాకు డాక్టర్ అవ్వాలని లేదు!" అని అరుస్తుంది. అది యాక్టింగ్ కాదు అంకుల్, సచ్చీ. ఝాన్సీ కూడా అసలు పేరు కాదు. వాళ్ళ నాన్న చూస్తే కాళ్ళు విరగ్గొడతారు. నేను దాని ఫ్రెండ్‌ని, అంతే.

ఇట్లు,
ఒక ఫ్రెండ్

తా.క. జవాబు మన లైబ్రరీలో తెలుగు నిఘంటువులో పెట్టండి. దాన్ని ఎవ్వరూ ముట్టుకోరు.

---

బుధవారం

చిరంజీవి ఫ్రెండ్‌కు ఆశీస్సులు.

కాళ్ళు విరగ్గొట్టే విషయాన్ని సంఘం తీవ్రంగా పరిగణించింది. సినిమా మేమింకా చూడలేదు; ఆ తండ్రి ఎవరో చెబితే చాలు, మిగతాది తాను చూసుకుంటానని మహిళా విభాగం ఊర్మిళ గారు అన్నారు. క్వార్టర్ నంబరు తెలుపగలరు.

భవదీయుడు,
సెక్రటరీ

తా.క. నిఘంటువులో ఇదివరకే రెండు ప్రేమలేఖలున్నాయి. మీవి కాకపోతే కదపకండి.

---

గురువారం

అంకుల్, నమస్తే, ఆంటీని ఆపండి!

కాళ్ళ మాట ఊరికే అన్నాను. వాళ్ళ నాన్న ఎప్పుడూ కొట్టలేదు. సైలెంట్ అయిపోతారు, బస్, అంతే. అదే భయం. డ్యూటీ దిగి అలసిపోయి కూడా దాన్ని సర్కండా ఏరియాలో కోచింగ్‌కి స్కూటర్ మీద దింపుతారు. ఆ వెనక సీట్లో కూర్చుని ఎలా చెప్తుంది?

ఇట్లు,
అదే ఫ్రెండ్

తా.క. ఆ ప్రేమలేఖలు నావి కావు. కానీ చదివా. ఒకటి చాలా బోర్.

---

శుక్రవారం

చిరంజీవికి ఆశీస్సులు.

స్కూటర్ సంగతి చదువుతుంటే సెక్రటరీ కంట్లో నలుసు పడింది. అంత మంచి తండ్రిని వేదిక మీద సన్మానించాలని తీర్మానించాం. పేరు తెలియనందున ఆడపిల్లలున్న నలభై ఇద్దరు నాన్నలనూ పిలిచాం. సినిమా అయ్యాక "ఝాన్సీ నాన్న లేచి నిలబడండి" అంటాం.

భవదీయుడు,
సెక్రటరీ

తా.క. శాలువా ఒక్కటే ఉంది. నలుగురు లేస్తే కష్టం.

---

శనివారం పొద్దున్న

అంకుల్‌కి నమస్తే.

ఝాన్సీ నేనే. తనూజని, రైల్వే గార్డ్ సత్యనారాయణ గారి అమ్మాయిని. అందరి ముందు మా నాన్న తల దించుకోకూడదు. అందుకే ఇవాళ నేనే చెప్పేస్తా, అద్దం లేకుండా. డర్ తో లగ్ రహా హై, భయమేస్తోంది, అయినా చెప్తా. సినిమా వేసుకోండి.

ఇట్లు,
తనూజ (అసలు పేరే)

తా.క. నా యాక్టింగ్ బాగుందా? నిజం చెప్పండి.

---

శనివారం మధ్యాహ్నం

అమ్మలూ,

నాగభూషణం గారు పెళ్ళికని పలాస వెళ్ళి పది రోజులైంది. సంఘం ఉత్తరాల డబ్బా తాళం నా దగ్గరుంది. మొదటి ఉత్తరం విప్పగానే నీ రాత పోల్చుకున్నాను. పలక మీద దిద్దించింది నేనే కదా! ఎదురుగా అడగడానికి నోరు రాలేదు. నువ్వు ఝాన్సీవైతే నేను సెక్రటరీనైపోయాను, నా రాత నువ్వు పోల్చుకోకుండా జవాబులు టైపు కొట్టాను. ఊర్మిళ గారికి ఏటీ తెలీదు. నలభై ఇద్దరు లేరు, శాలువా లేదు. భయపడైనా నాకు చెప్తావని అలా రాశాను.

డాక్టర్ వద్దంటే వద్దు. మరి ఏటవుదామనుందో ఆరింటికి డ్యూటీ దిగొచ్చాక చెప్పు. సైలెంట్ అయిపోను, ఒట్టు. మీరు సంఘానికిచ్చిన సినిమా ముందే రెండుసార్లు వేసుకుని చూశాను. నువ్వు "నాన్నా" అని అరిస్తే రెండుసార్లూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

మీ నాన్న,
సత్యనారాయణ

తా.క. మీ అమ్మకి మాత్రం నువ్వే చెప్పు. నాకు భయం.