బ్యాగులోంచి తీసేసిన నాలుగు చక్కెరకేళీలు

ఫిబ్రవరి 6, గురువారం
బట్టలు రెండు బకెట్లు. ఫ్రిజ్ కడిగాను. దుప్పట్లు మార్చాను. గ్యాస్ బుక్ చేశాను. రేపటికి మినప్పప్పు నానబెట్టాలి.
ఆయన పరగడుపు షుగర్ 162. అడిగితే "రాత్రి నిద్ర లేదు" అన్నారు. చొక్కా జేబు మీద క్రీము మరక. స్టాఫ్ రూములో ఎవరిదో పుట్టినరోజు. ఉతికింది నేనే కదా.
ఎల్లుండి రెండో శనివారం, స్కూలు లేదు. కొబ్బరికాయల కొట్టు రాజు గారి జట్టుతో అంతర్వేది దాకా సైకిల్ మీద వెళ్తారట. రానూ పోనూ వంద కిలోమీటర్లు దాటుతుంది. యాభై మూడేళ్ళ లెక్కల మాస్టారు నెల నుంచి రోజూ అంబాజీపేట దాకా తొక్కి వస్తున్నారు... ఈ ఇంట్లో ఆయన అంత హుషారుగా లేచి చాలా కాలమైంది. అది కూడా రాసి ఉంచాలి.

ఫిబ్రవరి 7, శుక్రవారం
సాయంత్రం రాజు గారు సైకిల్ దిగకుండానే, గేటు పట్టుకుని — "చెల్లెమ్మ గారూ, రేపు మాస్టారికి గట్టిగా పెట్టాలండోయ్. పెసరట్టు ఉప్మా అయితే మరీ బేషు. తినకుండా తొక్కితే తాటిపాక సెంటర్లోనే చక్రం ఆగిపోద్ది."
ఈయన వరండాలోంచి — "ఆయ్, పెడుతుందండి."
రాజు గారికి షుగర్ లేదు. ఆయన ఏమైనా తింటారు. నేను నవ్వి ఊరుకున్నాను.
నా లెక్క వేరు. ఇడ్లీ రెండు, కారప్పొడి. కొబ్బరి పచ్చడి వద్దు. పంచదార లేని పాలు అర గ్లాసు. దారిలోకి వేయించిన శనగలు.
అన్నాలయ్యాక బ్యాగు సర్దుకున్నారు. పంపు, నీళ్ళ సీసా, తువ్వాలు. చివర్న నాకు వీపు తిప్పి ఏదో కాగితంలో చుట్టి లోపల పెట్టారు. తర్వాత బుట్టలో చూశాను. అరటి అత్తానికి పన్నెండు చక్కెరకేళీలు ఉండాలి. ఎనిమిదే ఉన్నాయి.

ఫిబ్రవరి 8, శనివారం, పొద్దున్న
5.10కి వెళ్ళారు. ఇడ్లీ రెండే తిన్నారు. ఇంకొకటి అడిగారు — "పొట్ట బరువైతే తొక్కలేరు" అన్నాను. షుగర్ బిళ్ళ నా చేత్తోనే ఇచ్చాను. శనగల పొట్లం జేబులో పెట్టాను.
ఆయన స్నానంలో ఉండగా బ్యాగు జిప్పు తీసి నాలుగు పళ్ళూ తీసేశాను. మళ్ళీ జిప్పు వేశాను. పళ్ళు బుట్టలో, అత్తం పక్కన పెట్టాను.
మనసు తేలిగ్గా ఉంది. మంచి పని చేసినట్టే ఉంది.

అదే రోజు, సాయంత్రం
పొద్దున్న 7.40కి ఫోన్. తాటిపాక దాటాక కాలవ గట్టు మీద పడిపోయారు. మిగతా ఆరుగురూ ముందు వెళ్ళిపోయారు. ఒళ్ళంతా చెమట, చేతుల వణుకు, మాట ముద్దగా. గట్టు పక్కన బజ్జీల బండి ఆవిడ చూసింది. మొదట తాగేడనుకుందట. "మా అమ్మకీ ఇలాగే వత్తాదండి" అని గ్లాసెడు పంచదార నీళ్ళు తాగించింది.
రాజోలు ఆసుపత్రికి నేను వెళ్ళేసరికి లేచి కూర్చున్నారు. అంబులెన్సు వాళ్ళు వచ్చి చూస్తే అప్పటికీ షుగర్ 46 ఉందట. మోచేయి, మోకాలు చెక్కుకుపోయాయి. ఎముకలు బాగానే ఉన్నాయి.
డాక్టరు — "ఏం తిని బయల్దేరేరు?"
"రెండిడ్లీ అండి, దారిలో కాసిన్ని శనగలు. అరటిపళ్ళు కూడా పెట్టుకున్నాననుకున్నానండి... కళ్ళు తిరుగుతుంటే ఆగి బ్యాగు తీశాను. లేవు."
నేను పక్కనే ఉన్నాను. గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

ఫిబ్రవరి 9, ఆదివారం
చర్చికి వెళ్ళలేదు. కట్లు మార్చాను. గంజి, చారు అన్నం.
కుంటుకుంటూ వంటింట్లోకి వచ్చి బుట్టలో చూశారు. విడిగా ఉన్న నాలుగు పళ్ళను చాలాసేపు చూశారు.
"తుంచి ఇక్కడే వదిలేసేను కరుణా. బ్యాగులో పెట్టినట్టు నాకు స్పష్టంగా గుర్తుంది. కాగితంలో చుట్టినట్టు కూడా."
కాగితాన్ని నిన్ననే పొయ్యి కింద చెత్తబుట్టలో వేశాను.
ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. "పోనీలెండి" అన్నాను.

ఫిబ్రవరి 10, సోమవారం
రాజు గారు చూడడానికి వచ్చారు. "ఈసారి మీ తలకాయ కూడా బ్యాగులో పెట్టి జిప్పేయాలండి మాస్టారు." వాళ్ళ వాట్సాప్ గ్రూపులో మతిమరుపు మాస్టారని పేరు పెట్టారట. ఈయనా నవ్వారు. రాజు గారి సైకిల్ వీధి మలుపు తిరిగే దాకా నవ్వు అలాగే ఉంచారు.

ఫిబ్రవరి 11, మంగళవారం
పక్క దులుపుతుంటే తలగడ కింద కాగితాలు. పదో తరగతి పిల్లల పేర్లు, నంబరు ప్రకారం, ఒకటి నుంచి నలభై మూడు దాకా. ఆయన చేతిరాత. మూడు కాగితాల మీద మూడుసార్లు. ఒక్కొక్క పేరు పక్కన టిక్కు.
చూడకుండా రాసి, తర్వాత సరిచూసుకుంటున్నారు.
మావయ్యగారికి మతిమరుపు యాభై ఎనిమిదో ఏట మొదలైంది. రిటైరయ్యాక కూడా పొద్దున్నే చొక్కా వేసుకుని వరండాలోకి వచ్చి హాజరు పట్టీ అడిగేవారు. చివరి రెండేళ్ళు ఈయన ఒక పాత రిజిస్టరు తెచ్చి చేతికిచ్చేవారు. ఆయన పేర్లు పిలిచేవారు. ఈయన అన్నిటికీ "ఉన్నానండి" అనేవారు.
ఆ భయం ఎవరికి తెలియకపోయినా నాకు తెలుసు.

ఫిబ్రవరి 12, బుధవారం
స్త్రీల ప్రార్థన కూడిక. పాస్టరమ్మ గారు నన్ను లేపి సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. కాలవలో పడకుండా గట్టు మీదే పడడం, బజ్జీల బండి ఆవిడ, పంచదార నీళ్ళు — అన్నీ దేవుని కృప అన్నాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.
పాస్టరమ్మ గారు — "మన కరుణమ్మ భర్త తినే ప్రతి మెతుకూ పుస్తకంలో రాస్తది. ఇలాంటి ఇల్లాలు ఉండబట్టే మాస్టారు మనకి దక్కేరు."
అందరూ ఆమేన్ అన్నారు. నేను కూడా అన్నాను.

ఫిబ్రవరి 13
చెప్పలేదు.

ఫిబ్రవరి 15, శనివారం
మన ఊరి డాక్టరుకి చూపించాం. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. దూరం తొక్కే రోజు బిళ్ళ ఎంత వేసుకోవాలో ముందుగా తనని అడగాలి. బయల్దేరే ముందు కడుపు నిండా తినాలి — ఇడ్లీలైతే నాలుగైదు. దారిలో గంటకోసారి పండో, బిస్కెట్లో. "షుగరుందని కడుపు ఎండబెట్టి పంపితే ఇంజను ఆగిపోద్దమ్మా. ఆ పళ్ళు బ్యాగులో ఉండుంటే మాస్టారు పడేవారు కాదు."
తల ఊపాను.
లేవబోతూ ఈయన గొంతు తగ్గించి — "మతిమరుపుకి ఎవరికి చూపించాలండి? మా నాన్నగారికి ఉండేది."
కాకినాడ డాక్టరు పేరు రాసిచ్చారు. గురువారం వెళ్ళమన్నారు.

ఫిబ్రవరి 17, సోమవారం
పప్పుచారు, బీరకాయ. రెండూ తినలేదు.
సైకిల్‌కి తాళం వేసి తాళంచెవి నాకిచ్చారు. స్కూటర్‌ది కూడా. పదో తరగతి పరీక్షల బాధ్యత వేరే వాళ్ళకి ఇవ్వమని హెడ్మాస్టరుకి ఫోన్ చేశారు. అవతల ఆయన ఎందుకని అడిగినట్టున్నారు. "ప్రశ్నపత్రాల కట్టలండి... నా మీద పెట్టకండి" అన్నారు.
ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఒక్క కాగితం పోగొట్టని మనిషి.
రెండు తాళంచెవులూ బియ్యం డబ్బా మీద పెట్టాను. నా చేతిలో ఉంచుకోలేకపోయాను.

ఫిబ్రవరి 19, బుధవారం
కూడికకి వెళ్ళలేదు. తలనొప్పి అని కబురు పంపాను. రిపోర్టులు తేదీల వారీగా ఫైల్లో సర్దాను. మావయ్యగారి పాత మందుల చీటీలు కూడా కావాలట. వెతికి ఇచ్చాను.

ఫిబ్రవరి 20, గురువారం
ఏడింటి కాకినాడ బస్సు. కిటికీ పక్క ఆయన. ఒళ్ళో ఫైలు. పెదాలు కదులుతున్నాయి. చెవి దగ్గర పెట్టి విన్నాను — ఎక్కాలు. పంతొమ్మిదో ఎక్కం.
బస్సు ఎదుర్లంక వంతెన మీదికి ఎక్కాక చెప్పాను.
"పళ్ళు మీరు పెట్టారు. నేను తీసేశాను."
వినపడలేదేమో అనుకున్నాను. వంతెన సగం దాటాక —
"నాలుగూనా?"
"నాలుగూ."
"నేను కాగితంలో చుట్టేనా?"
"చుట్టారు. జిప్పు కూడా వేశారు."
గోదావరి వైపు తిరిగారు. ఊపిరి ఒకసారి పెద్దగా వదిలారు. నవ్వుతారనుకున్నాను. తర్వాత, క్లాసులో లెక్క చదివినట్టు — "పన్నెండు రోజులు."
యానాంలో "దిగుదాం" అన్నారు. దిగాం. బస్టాండు ఎదురుగా టీ తాగాం. ఆయన పంచదార వేయించుకున్నారు. ఎన్ని చెంచాలో నేను లెక్కపెట్టలేదు. తిరుగు బస్సులో నా పక్కన చోటున్నా వెళ్ళి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నారు.

ఫిబ్రవరి 21
హెడ్మాస్టరుకి ఫోన్ చేసి పరీక్షల పని తనే చేస్తానన్నారు. తలగడ కింద కాగితాలు లేవు.
నాతో మామూలుగానే మాట్లాడుతున్నారు. "ఉప్పు ఇలా ఇవ్వు." "పేపరు వచ్చిందా?" అంతే.

ఫిబ్రవరి 23, ఆదివారం
చర్చి నుంచి వస్తుంటే అడిగాను — కోపమా అని.
"తీసేసినందుకు లేదు. నా మంచికే కదా. నేను కాగితాల మీద పేర్లు రాసుకుంటుంటే చూసేవు కదా?"
"చూశాను."
ఇంటికొచ్చాం. చెప్పులు విప్పుతూ — "రాజుకి నువ్వే చెప్పు. నేను చెబితే పెళ్ళాం మీదికి తోసేసేడంటారు."
"కూడికలో సాక్ష్యం చెప్పాను... అది కూడా సరిచేయనా?"
"అది నీ ఇష్టం. దేవుడికి ఎలాగూ ముందే తెలుసు."

ఫిబ్రవరి 26, బుధవారం
కూడికకి వెళ్ళాను. వెనక వరసలో కూర్చున్నాను. ఎవరూ లేవమనలేదు. నేనూ లేవలేదు.

మార్చి 4, మంగళవారం
బియ్యం డబ్బా మీద తాళంచెవులు లేవు. సైకిల్‌కి గాలి పట్టి ఉంది. శనివారం మళ్ళీ అంతర్వేది. నాకు రాజు గారి మాటల వల్లే తెలిసింది.
డాక్టరు దగ్గరికి కూడా ఒక్కరే వెళ్ళి వచ్చారు. బిళ్ళ గురించి అడిగారో లేదో... అడిగే ఉంటారు.

మార్చి 7, శుక్రవారం
ఇల్లు తుడిచాను. పిండి రుబ్బాను. ఎన్ని ఇడ్లీలకి అని ఆయన్ని అడగలేదు. ఇరవైకి సరిపడా రుబ్బాను.
నాలుగింటికి రాజు గారి కొబ్బరికాయల కొట్టుకి వెళ్ళాను. కూలీలు పీచు తీస్తున్నారు. అందరి ముందే చెప్పాను, పక్కకి పిలిస్తే ధైర్యం పోతుందని.
"ఆ పళ్ళు మాస్టారు మర్చిపోలేదండి. నేనే తీసేశాను. ఆయనకి మతిమరుపేం లేదు."
రాజు గారు చేతిలో కాయ కింద పెట్టారు. "మరి ఇన్నాళ్ళూ మేం అంటుంటే ఆయన పడ్డారేంటండీ?"
"ఆయనకీ మొన్నటి దాకా తెలియదు."
తర్వాత ఫోన్ తీసి ఏదో నొక్కి నాకు చూపించారు. గ్రూపులో ఈయన పక్కన పెట్టిన పేరు తీసేశారు. "మా ఇంటావిడ అయితే పళ్ళతో పాటు సైకిలూ దాచేసుండేదండి" అన్నారు. నన్ను నవ్వించడానికే. అమాయకుడు.

మార్చి 8, శనివారం
మూడున్నరకి లేచారు. వంటింటి తలుపు దగ్గరగా వేసుకున్నారు. పొయ్యి వెలిగించిన చప్పుడు. మూత చప్పుడు. నేను పడుకునే ఉన్నాను, మెలకువగా. తలుపు తెరిచి ఉంటే వెళ్ళేదాన్ని.
4.50కి గేటు.
వెళ్ళి చూశాను. పళ్ళెం కడిగి, తుడిచి, బోర్లించి ఉంది. పొయ్యి గట్టు కూడా తుడిచి ఉంది. పిండి గిన్నె మీద మూత సరిగ్గా పెట్టి ఉంది, ఎంత తగ్గిందో తెలియడం లేదు. షుగర్ లెక్కల పుస్తకంలో ఆయన చేత్తో పరగడుపుది రాశారు — 131. పక్కన ఏం తిన్నారో రాసే గడి ఖాళీగా వదిలారు.
నేనూ నింపలేదు.
ఇప్పుడు ఏడున్నర. తాటిపాక దాటుతూ ఉండాలి. ఫోన్ రాలేదు.
కూడికలో చెప్పవలసిన మాట అలాగే ఉంది. రాజు గారికి చెప్పవలసింది — చెల్లు.