ముప్పై ఒకటి చూపించాలి

నవంబరు 29, శనివారం

వెనక గది కడిగాను. ఊక పరిచాను. రేకు గుండ్రంగా వంచి నిలబెట్టాను. వంద కోడిపిల్లలు కావాలని మళ్ళీ చెప్పేశాను — వచ్చే శనివారం వస్తాయి.

అత్త గుమ్మంలో నిలబడి చూసింది. "మల్లీ ఏటికే ఈ పాపం?"

నేను ఊక సర్దుతూనే ఉన్నాను.

నవంబరు 30, ఆదివారం

పోయినసారి సంగతి ఒక్కసారి రాసేస్తాను, ఇంక రాయను. మధ్యాహ్నం వేడికి పిల్లలు నోళ్ళు తెరుస్తున్నాయని బల్బులు ఆర్పేసి గజపతినగరంలో నేను పనిచేసే మందుల షాపుకి పోయాను. సాయంత్రం ఆటో దొరకలేదు. మంచు ఐదింటికే దిగింది. నేను వచ్చేసరికి చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కి, కిందవి నలిగి... నలభై మూడు. నా తప్పే. చేటలో ఎత్తుకెళ్ళి పూడ్చిపెడుతూ ఏడ్చాను.

అత్త అప్పుడు ఒకటే అంది: "ఇంకోపాలి ఇలాగే సచ్చిపోతే ఈ గది నా గడ్డికిచ్చెయ్యాల." సరే అన్నాను. మాటంటే మాటే. కానీ ఇవి నిలబడితే షాపు మానేస్తాను. పదకొండేళ్ళు పరాయివాళ్ళ కొట్లో నిలబడ్డాను, చాలు.

డిసెంబరు 1, సోమవారం

తమ్ముడు విశాఖ నుంచి పంపిన పొట్లం వచ్చింది. వాడు పాత హోటళ్ళు పడగొట్టే పనిలో ఉన్నాడు కదా, ఒక గోడ మీంచి ఊడదీశాడట. గుండ్రంగా, తెల్లగా, అరచేతిలో పట్టేంత. థర్మోస్టాట్. దాంతోపాటు ఒక రిలే — అది చెప్పినప్పుడల్లా బల్బులకి కరెంటు కలిపే స్విచ్చు.

ఫోన్లో — "సలేస్తే అదే బల్బులేస్తాది అక్కా, ఏడెక్కితే అదే ఆర్పేస్తాది. నువ్వు కొట్లో కూకొని ఫోన్లో సూసుకోడమే."

ఇదే కావాలి నాకు. సరిగ్గా ఇదే.

డిసెంబరు 2, మంగళవారం

వెనక మూత తీస్తే R, C, W అని అక్షరాలు. నెట్‌లో చూస్తే 'ఇంటి ఫర్నేసు నుంచి వచ్చే తీగలు కలపండి' అని ఉంది. మా ఇంట్లో గదులు వేడిచేసే ఫర్నేసేమిటి, నా తలకాయ! ఉన్నది కట్టెల పొయ్యి.

గోడ ప్లగ్గుకి కలిపేద్దామని తీగ కోశాను కూడా. అంతలో తమ్ముడి ఫోను. "ఓలమ్మో, ఎట్టకు ఎట్టకు! బుగ్గయిపోద్ది. దానికి ఇరవై నాలుగు వోల్టులే కావాల."

మనకొచ్చేది రెండువందల ముప్పై. మధ్యలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. తెప్పిస్తే వారం పడుతుందట. నాకున్నది నాలుగు రోజులు.

డిసెంబరు 3, బుధవారం

దొరికింది! మైకుసెట్టు అప్పారావన్నయ్య దగ్గర పాత యాంప్లిఫయరుది ఉందట. పన్నెండు-సున్నా-పన్నెండు వోల్టులది. తమ్ముడు ఎగిరి గంతేశాడు — "నడిమి తీగొదిలీ. రెండు సివర్లూ పట్టుకుంటే ఇరవై నాలుగు."

రేపు తెచ్చుకోవాలి.

డిసెంబరు 4, లక్ష్మివారం

ఇవాళ ఏ వారమో గుర్తు లేకుండానే అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళాను. మార్గశిర గురువారం — లక్ష్మివారం, అమ్మవారి పూజ. వాకిలి నిండా ముగ్గు, గడపకి పసుపు. వదిన తలంటుకుని పూజలో ఉంది. అన్నయ్య ట్రాన్స్‌ఫార్మర్ పట్టుకుని గడప దాకా వచ్చాడు. వదిన అక్కడే ఆపేసింది.

"ఏటి వదినా, సదూకున్నదానివి! ఇయ్యాల ఇంట్లోంచి అగ్గిపుల్ల కూడా బయటికియ్యం. రేపు రా."

రేపు తెల్లారకుండానే అన్నయ్య మైకులేసుకుని ఆమదాలవలస పెళ్ళికి పోతాడు. రెండు రోజులకి గానీ రాడు, కలిపి చూపించేవాళ్ళుండరు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆవిడనేమనగలను? మా అత్తా ఇవాళ పక్కింటికి పెరుగుతోడు ఇవ్వలేదు.

వస్తువు బయటికి రాకూడదు, లోపలికి వెళ్ళొచ్చు కదా! ఇంటికి పరుగెత్తి థర్మోస్టాట్, రిలే పట్టుకెళ్ళాను. అన్నయ్య, నేనూ వాళ్ళ వరండాలోనే కలిపాం. R కి ఒక చివర, C కి ఒక చివర. W నుంచి రిలేకి. రిలే నుంచి బల్బుకి. థర్మోస్టాట్ వెలిగింది! తెర మీద ఇరవై ఆరు. ముప్పైకి తిప్పితే టక్కుమని బల్బు. నేను చప్పట్లు కొట్టాను.

అన్నీ విప్పి సంచిలో పెట్టుకుంటుంటే వదిన —

"అదక్కడ ఎట్టీ. ఇంట్లోకొచ్చింది ఇయ్యాల బయటికెల్లదు."

నాది కూడా! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వట్టి సంచితో వచ్చాను.

డిసెంబరు 5, శుక్రవారం

నాలుగున్నరకి వాళ్ళ గేటు దగ్గర నిలబడ్డాను. మంచు. శాలువా తడిసింది. అన్నయ్య వ్యాను తియ్యబోతూ ఉలిక్కిపడ్డాడు. "దెయ్యమనుకున్నానమ్మా!" వదినే మూడూ తెచ్చి చేతికిచ్చింది, పైన గ్లాసుడు టీ. "కోపమొచ్చిందేటి?" వచ్చిందన్నాను. నవ్వింది.

గదిలో బిగించాను. పాత ఫోను హాట్‌స్పాట్ పెట్టి అక్కడే మేకుకి తగిలించాను. ఇప్పుడు ఇంకో తంటా — ఈ పెట్టె ముప్పై రెండు దాటి ఎక్కదు. మనుషుల కోసం చేసింది మరి. పసిపిల్లలకి బల్బు కింద ముప్పై నాలుగు ఉండాలి.

వదలలేదు. షాపు నుంచి తెచ్చిన థర్మామీటరు బల్బు కింద పెట్టి, పెట్టెను జానెడు జానెడు జరుపుకుంటూ పోయాను. రేకు అంచు దగ్గర అది ముప్పై ఒకటి చూపిస్తే బల్బు కింద ముప్పై నాలుగు. అక్కడే మేకు కొట్టేశాను.

ముప్పై ఒకటి. అంతే.

డిసెంబరు 6, శనివారం

వచ్చాయి. వంద. గదంతా కిచకిచ.

డిసెంబరు 8, సోమవారం

కొట్లో చీటీ చదువుతూ ఫోను చూశాను. 31. దగ్గు మందిచ్చి చూశాను. 31. దేవుడా, ఎంత హాయి.

డిసెంబరు 9, మంగళవారం

"అది టక్కుమంటే నా గుండె జల్లుమంటన్నాది" అని అత్త గోల. ఆ గది గుమ్మం తొక్కనంటుంది. రాత్రి అన్నం దగ్గర మాత్రం ఎటో చూస్తూ — "ఎన్నున్నాయి?"

వందకి వంద అన్నాను.

"ఊఁ."

డిసెంబరు 11, లక్ష్మివారం

పొద్దున్నించి ముసురు, ఈదురుగాలి. పదకొండు ముప్పావుకి ఫోను చూస్తే అంకె లేదు. 'ఆఫ్‌లైన్'. మళ్ళీ చూశాను. అదే. పక్కింటికి ఫోను చేస్తే ఊరంతా కరెంటు లేదట, పదింటి నుంచి.

ఇన్ని తీగలు కలిపాను, కరెంటే పోతే ఏం చెయ్యాలో ఆలోచించలేదు. బుద్ధి లేదు నాకు. ఓనరుకి చెప్పీ చెప్పకుండా బయల్దేరిపోయాను. దారంతా ఆ చేట కళ్ళముందే ఉంది.

గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల అత్త. తడి జుట్టు, పట్టుచీర, నుదుట కుంకుమ — ఊకలో చతికిలబడి ఉంది. రేకుకి ఇవతల ఇనప మూకుడు నిండా నిప్పులు. పిల్లలన్నీ ఆ వెచ్చదనానికి అటు చేరాయి. గుట్ట పడితే చేత్తో విడదీస్తోంది.

"నిప్పులెక్కడివి?" అన్నాను. లక్ష్మివారం పూట ఎవరూ ఇవ్వరు కదా.

"మన పొయ్యివే."

వంటింట్లోకి వెళ్ళి చూశాను. చల్లారిన పొయ్యి మీద అమ్మవారి పరమాన్నం, బియ్యం ఇంకా పలుకే. పూజ సగంలో ఉంది.

నాకు ఏడుపొచ్చేసింది. దాచుకోలేదు.

"ఏడుపెందుకే? సల్లికి సచ్చిపోతన్నాయి, సూస్తా ఊరుకుంటానేటి? తల్లికి సాయంత్రమెడతాను, ఏటీ అనుకోదు." ఒడిలో కొంగు విప్పింది. ఏడు పిల్లలు. కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఊపిరి ఉంది, చాలా కొంచెం. "ఇయ్యి నాను రాకముందే పడిపోనాయి."

మూడింటికి కరెంటొచ్చింది. టక్కుమంది. అత్త ఉలిక్కిపడలేదు.

బ్యాటరీ ఒకటి పెట్టాలి. నిప్పుల మూకుడు కూడా సిద్ధంగా ఉంచాలి. తమ్ముడికి చెప్పాను, వాడు ఏదో లెక్క వేస్తున్నాడు.

అత్త లేవనంటోంది. "ఎంతకి రావాల?"

"ముప్పై ఒకటి."

"నాకంకెలు రావు. ఎలాగుంటాదో సూపించు."

ఊకలో వేలితో రాసి చూపించాను. మూడు, పక్కన ఒకటి. ఆ రాతనీ తెరనీ మార్చి మార్చి చూస్తోంది. ఒడిలో ఏడూ అలాగే ఉన్నాయి. ఒకటి కాలు కదిపిందంటుంది, నాకు కనిపించలేదు.

నేనూ పక్కనే కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడు ఇరవై తొమ్మిది.