మీటల పెట్టె

ఆర్లెన్ మామయ్యకు మేనకోడలు రాసేది,

నేను కొత్త ఆటవస్తువు కోసం పేచీ పెడుతున్నానని అమ్మ నీతో చెప్పిందట. మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి కింద గదిలో కాఫీ తాగుతూ నువ్వూ అదే అన్నావు: "ఫోన్లో చూసేవాళ్లకు ప్రార్థన లైవ్‌గా పంపడానికి మీటల పెట్టె దేనికే? కంప్యూటర్లో ప్రోగ్రాం ఉంది, నడపడానికి నువ్వున్నావు."

ఆ రెండో మాట దగ్గరే నాకు ఊపిరాడటం లేదు. ఆ ప్రోగ్రాంలో తెర మీంచి పాస్టర్ గారి బొమ్మ తీసేసి పాట అక్షరాలు వేయడం ఈ ఊళ్లో నాకొక్కదానికే వచ్చు. నాకు జ్వరమొచ్చిన వారం అత్తయ్య మౌస్ కదిపింది. కోతల్లో ఉండి ట్రాక్టర్ల మీద ఫోన్లో చూస్తున్నవాళ్లకు ప్రసంగమంతా పాట మూడో చరణమే కనిపించింది.

నిన్న స్నేహితురాలి పెట్టె అడిగి తెచ్చి, నొక్కగానే తెర మార్చే దాని మీటల మీద 'పాస్టర్', 'పాట' అని కాగితాలు అంటించాను. అత్తయ్య అల్లిక పక్కన పెట్టి పది నిమిషాల్లో నేర్చుకుంది. "ఇంతేనా! ఇది మీ మామయ్యకైనా వచ్చేస్తుందే!" అంది.

నేను పెట్టె అడిగింది నేను లేని ఆదివారాల కోసం. మీ చర్చి కమిటీ కొన్నా, కొనకపోయినా, ఒకటో తారీఖున నేను డులూత్ నగరానికి వెళ్లి ఉద్యోగంలో చేరుతున్నాను.