రెండో తరగతి పైకప్పు

నవంబరు 12, మంగళవారం

ప్రియమైన అక్కయ్యకు,

చెల్లి నమస్కారాలు. బావగారికి కూడా నా నమస్కారాలు చెప్పు. ఇక్కడ అందరం క్షేమమని రాసి మొదలుపెట్టాలి. ఆ మాట దగ్గరే కలం ఆగిపోయింది. అందుకని అది వదిలేసి జరిగింది చెబుతాను.

శుక్రవారం పొద్దున నా రెండో తరగతి పిల్లలు పాఠం చదువుతున్నారు. వానలకి మా గది సీలింగు ఒక మూల ఉబ్బిపోయి, ట్యూబులైటు వేలాడుతోంది. దాన్ని సరిచేయమని హెడ్మాస్టరుగారు ఎలక్ట్రీషియన్ని పంపారు. పిల్లలు ఉండగా వద్దు, సాయంత్రం రమ్మన్నాను. ఒక్క స్క్రూయే మేడమ్, చిటికెలో అయిపోతుందన్నాడు. నిచ్చెనెక్కి డ్రిల్లు పెట్టాడో లేదో, సీలింగు పలక ఫెళ్ళున విరిగి కిందపడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని గదంతా బూడిదరంగు పొడి కమ్మేసింది. మా తరగతిలో అందరికంటే పొట్టిపిల్లని చిట్టెలుక అంటాం. దాని జుట్టు తెల్లబడిపోయింది. మామ్మ వచ్చింది, మామ్మ వచ్చింది అని పిల్లలు ఒకటే నవ్వు. అది కూడా నడుం వంచి ముసలమ్మలా నడిచి చూపించింది. నేనూ నవ్వాను.

అప్పుడు విరిగిన పలక అంచు కంటబడింది. చిరిగిన గోనెసంచీలా సన్నటి పోగులు బయటికి పొడుచుకొచ్చాయి. పాత బడి భవనాల మీద కిందటేడు మాకు శిక్షణ ఇచ్చినప్పుడు ఇలాంటి ఫొటోయే చూపించారు. ఆస్‌బెస్టాస్. దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులకి చేటని ఆ రోజే చెప్పారు.

ఊపిరి బిగబట్టండర్రా అని అరవబోయి నోరు నొక్కుకున్నాను. బెదిరి ఏడిస్తే ఇంకా ఎక్కువ పీలుస్తారు కదా. ముక్కులకి రుమాళ్ళు అడ్డం పెట్టించి, సంచులు అక్కడే వదిలేయించి, వరసగా మైదానంలోకి నడిపించాను. ఆయా చీపురు పట్టుకొస్తే గుమ్మంలోనే ఆపాను. ఊడిస్తే ఆ పొడి మళ్ళీ గాల్లోకి లేస్తుంది. తలుపుకి తాళం వేసి చెవి గుప్పిట్లో పెట్టుకున్నాను.

హెడ్మాస్టరుగారు పరుగున వచ్చారు. కాస్త సున్నం రాలితే ఇంత రాద్ధాంతమా, ఊడిపించి క్లాసు మొదలుపెట్టండి, ఇది బయటికి పొక్కితే రేపు బళ్ళో ఒక్క పిల్లాడు మిగలడు అన్నారు. తాళంచెవి ఇమ్మని చెయ్యి చాపారు. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడం నాకు చేతకాదని నీకు తెలుసు. అదేమిటో తేలేదాకా ఇవ్వను సార్, కావాలంటే ఉద్యోగంలోంచి తీసేయండి అన్నాను. ఆయన చిట్టెలుక వైపు చూశారు. అది కళ్ళు నులుముకుంటోంది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, ఆయనే వెళ్ళి అధికారులకి ఫోన్ చేశారు.

తడిగుడ్డలతో పిల్లల తలలూ మొహాలూ తుడిచాం. ఇంటికెళ్ళగానే స్నానం చేయించండి, ఈ బట్టలు దులపకుండా సంచిలో కట్టి వేరుగా పెట్టండి అని గేటు దగ్గర తల్లిదండ్రులకి చెబుతుంటే ఒకాయన నా మీద విరుచుకుపడ్డాడు. దానికి బాధ లేదు. చిట్టెలుక వాళ్ళమ్మ మాత్రం దూరంగా నిలబడి, దీన్ని ఎత్తుకోవచ్చా మేడమ్ అని అడిగింది. ఎత్తుకో తల్లీ, ఇది అంటురోగం కాదు అన్నాను. తరువాత బాత్‌రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

అధికారులు పట్టుకెళ్ళిన పలక ముక్క పరీక్ష ఫలితం నిన్న వచ్చింది. అదే. బడి మూసేశారు. తొలగించే పనివాళ్ళు ఒళ్ళంతా కప్పే తెల్లసూట్లు, మాస్కులు వేసుకుని, కిటికీలకి ప్లాస్టిక్ బిగించి, పలకల్ని తడిపి, ముక్కలవకుండా దింపుతున్నారు. నేను రోజూ చీర కొంగుతో మొహం తుడుచుకున్న గదిలోకి వాళ్ళు అలా వెళ్ళడం రోడ్డు అవతల నిలబడి చూశాను. ఏటా కాగితం నక్షత్రాలు వేలాడదీయడానికి ఆ సీలింగుకే కదా పిన్నులు గుచ్చేదాన్ని.

ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఒక్కరోజు పొడి పీలిస్తే ముప్పు చాలా తక్కువ, పిల్లల గురించి బెంగపడకండి, ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకే ఎక్కువ అన్నాడు. జబ్బంటూ వస్తే అది ఇరవై ముప్పై ఏళ్ళకి గాని బయటపడదట. ఇప్పుడే చూసి ఏమీ రాదని చెప్పే పరీక్ష లేదట. అదే నన్ను తినేస్తోంది. పులి ఎదురుపడితే పారిపోవచ్చు. దీనికి ఎటు పారిపోను?

పిల్లలకి ముద్దులు.

భయంతో, ప్రేమతో,
నీ చెల్లి

తా.క.: అక్కా, అసలు మాట ఇంకా రాయలేదు. ఈ పలకలు బిగించింది నాన్న. ఈ బడికే కాదు, చుట్టుపక్కల బళ్ళన్నిటికీ రంపంతో కోసి బిగించింది ఆయనే. ఆయన్ని తీసుకుపోయిన దగ్గుని మనం సిగరెట్ల మీదకి తోశాం. ఇదంతా విని డాక్టరు, ఆయన పనిబట్టలు ఇంట్లో ఎవరు ఉతికేవారని అడిగాడు. నేను చిన్నదాన్నని నీళ్ళ దగ్గరికి రానిచ్చేదానివి కాదు నువ్వు. పెరటి గుమ్మంలో ఆ చొక్కాలు దులిపి దులిపి నానబెట్టింది నువ్వు. మీ అక్కని వెంటనే చూపించుకోమనండి అన్నాడు. మొన్న ఫోన్లో దగ్గుతూ, చలిగాలి అన్నావు. శనివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. ఇద్దరం కలిసే ఆస్పత్రికి వెళ్దాం. ముందు నేను ఎక్స్‌రే తీయించుకుంటాను, నువ్వు బయట బల్ల మీద కూర్చో. తరువాత నువ్వు లోపలికి వెళ్ళు, నేను కూర్చుంటాను.