మడి చీర, మద్రాసు స్టేషన్

29 అక్టోబరు 1944, వనపర్తి

ఈయన కర్నూలు వెళ్లొచ్చారు. అక్కడ మా ఆడబిడ్డ తులజ కనబడిందట. పదో తారీఖు శుక్రవారం సాయంత్రం మద్రాసు రేడియోలో పాడుతుందట. ‘అమ్మ వింటదా అన్నా?’ అని అడిగిందట. 

పాటల మాస్టర్ని పెళ్లాడిన నాటి నుంచి అత్తయ్య ఆ పేరెత్తరు. నాకు ఒక్కడే కొడుకు, ఇంకెవరూ లేరంటారు. ముందే చెబితే లేచి బయటికి పోతారు. చెప్పకుండానే వినిపించాలి.

2 నవంబరు

మా బ్యాటరీ సెట్‌లో హైదరాబాదు గణగణమంటుంది. మద్రాసు పెడితే జొన్నలు వేయించిన చప్పుడే. మిద్దె మీద ఏరియల్ తీగ కడదామన్నాను. ఈయన నవ్వారు. నవ్వనీ.

4 నవంబరు

ఊరి మిల్లులో కాలిపోయిన మోటారు నుంచి రాగి తీగ దొరికింది. మిద్దె మీద రెండు వెదురు గడలు పాతి, మధ్యన తీగ లాగి కట్టాం. తీగ గడలకు తగలకుండా కొసలకు సీసా మెడలు. ఎర్త్ తీగ బావి పక్క తడి నేలలో. నా చేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రం మద్రాసు వార్తలు మాట మాటా వినబడ్డాయి. ఈయన నవ్వలేదు.

7 నవంబరు

సెట్‌లో మద్రాసు పోయింది, మళ్లీ జొన్నల చప్పుడే.

8 నవంబరు

దొరికింది దొంగ. అత్తయ్య రోజూ సాయంత్రం తన మడి చీర తడిపి, కర్రతో ఆ తీగ మీద ఆరేస్తున్నారు. బరువుకు తీగ సాగి పిట్టగోడకు ఆనుతోంది, మద్రాసు అక్కడే ఆగిపోతోంది. ఇదేందని అడిగితే, ‘గింత ఎత్తుల దండెం కట్టిస్తివి జానకీ, ఎవ్వరు ముట్టరు, మడికి మంచిగున్నది’ అన్నారు. ఈ ఇంటికొచ్చాక ఆమె నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు. కాదనలేక కిందికొచ్చేశాను.

10 నవంబరు, శుక్రవారం

పాట టైం అవుతుంటే మిద్దెక్కి చూశాను. తీగ మీద చీర. నేను ముట్టుకుంటే మైల. ఆ కోపంలో ఆమె ఏ పాటా వినరు. ఇక నోరు విప్పేశాను. తులజ పాడుతోంది, మీ చీర అడ్డముంది అన్నాను.

అత్తయ్య ముఖం మాడిపోయింది. ‘నాకు చెప్పకుంట గిన్ని చేస్తివా’ అని వంటింట్లోకి పోయారు. నాకు ఏడుపొచ్చింది. అంతలో కర్ర పట్టుకుని మెట్లెక్కుతూ కనబడ్డారు. చీర దించి భుజానేసుకుని వచ్చారు. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడ్డారు. రేడియోలో తులజ పాట అయ్యేదాకా చీర నీళ్లు కారుతూనే ఉంది.

‘గొంతుల జలుబున్నది. దానికెవరు కషాయం కాస్తరు’ అన్నారు. నన్నుగానీ ఈయన్నిగానీ చూడలేదు.

11 నవంబరు

పొద్దున అత్తయ్య పెరట్లోంచి ‘తులజా, జర ఇటు రావే’ అని కేకేశారు. ‘వస్తున్న’ అన్నాను.