రెండు వేళ్ళ మందం

చిరంజీవి తమ్ముడికి, చేపలశాఖ ఆఫీసరువైనా నాకంటే ఆరేళ్ళు చిన్నవాడివే గనక, అన్నయ్య దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. మీ వదిన రోజుకి రెండుసార్లు నన్ను తిడుతోంది, అంటే ఆరోగ్యంగానే ఉందన్నమాట. అక్కడ నువ్వూ మరదలూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలినొప్పి తగ్గింది. మెట్లు దిగి పక్కింటావిడతో పోట్లాడి మరీ వస్తోంది. వంటింటి కిటికీ నేనే బాగుచేశాను. ఇప్పుడది తెరుచుకోదు. ఇక మూడో సంగతి, "సైంటిస్టు మేడం ఎలా ఉన్నారు, రిపోర్టు ఎంతవరకు వచ్చింది, ఆవిడ పనికి అడ్డం పడకు" అని. ఒరే, అమ్మ మోకాలికి ఒక లైను, ఆవిడకి అరపేజీ! నా గురించి ఏమైనా రాశావేమోనని కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను.

బాగానే ఉంది మీ మేడం. నేను పెట్టిన పేరు స్కేలమ్మ. చేపల రేవంతా అదే పేరు. మనిషి మంచిదే, అదే నా కడుపుమంట. చెడ్డదైతే హాయిగా తిట్టుకునేవాణ్ణి.

పోయిన నెల నువ్వు వచ్చినప్పటి మీటింగు గుర్తుందా? ఆవిడ గోడమీద రంగురంగుల గీతలు చూపిస్తుంటే బుద్ధిగా రాసుకున్నావు. ఇరవై ఎనిమిదేళ్ళు పడవల మీద తిరిగినవాణ్ణి, ఒక్క మాట చెబుదామని లేచాను. "అన్నయ్యా, కాసేపు కూర్చో, ఆవిణ్ణి చెప్పనీ" అన్నావు. కూర్చున్నాను. పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను. పక్కన ఐసు దింపేవాడు, "తమ్ముడికి నీకన్నా అక్కే ముద్దులా ఉంది" అని కిసుక్కున నవ్వాడు. మనకి అక్క ఎక్కడుందిరా!

ఇప్పుడు అసలు సంగతి. ఇంతసేపూ కిటికీలూ మోకాళ్ళూ రాసింది దీన్ని వెనక్కి నెట్టడానికే.

వేట నిషేధం రోజుల్లో పరీక్షకని ఒక్క పడవే వెళ్ళి చేపలు తెస్తుంది కదా. వాటిని కొలత పలక మీద పడుకోబెట్టి, మూతిని పలక చివరి అడ్డచెక్కకి ఆనించి, తోక ఎక్కడికొచ్చిందో పుస్తకంలో రాసి, బతికుండగానే నీళ్ళలో వదిలేది నేనే. ఆవిడ పైగదిలో ఆ అంకెలతో లెక్కలు కడుతుంది. ఆ మీటింగు మర్నాడే, రెండు వేళ్ళ మందం చెక్కముక్క చెక్కి, అదే రంగు పూసి, అడ్డచెక్కకి లోపలివైపు తగిలించాను. ప్రతి చేపా రెండు వేళ్ళు పొడుగైంది. ఆవిడ కిందికి దిగినరోజు పీకేసేవాణ్ణి. ఆవిడ లెక్క చూసి నువ్వు నవ్వుతావనుకున్నాను. "ఇదేంటన్నయ్యా, నువ్వు చెప్పు" అంటావనుకున్నాను.

నువ్వేం రాశావు? "చేపలు బాగా ఎదిగాయట. నిషేధం పదిహేనురోజులు ముందే ఎత్తేస్తున్నాం, శుక్రవారం సంతకం." తమ్ముడూ, అవి ఎదగలేదు. పైగా చేతిలోకి తీసుకుంటే పొట్టలు గుడ్లతో బరువుగా ఉన్నాయి. ఇప్పుడు వలలు దిగితే తల్లులతోపాటు పిల్లలూ పోతాయి. చెక్కముక్కని సముద్రంలోకి విసిరేసి పైగదికి వెళ్ళాను.

చెక్క సంగతీ పొట్టల సంగతీ చెప్పాను. అరుస్తుందనుకున్నాను. "ఎంత మందం?" అంది.

"రెండు వేళ్ళు."

"చెయ్యి ఇలా పెట్టండి" అని స్కేలు తీసి నా వేళ్ళు కొలిచింది! ఆ మొహంలో నవ్వుందో ఏడుపుందో చూసే ధైర్యం లేక గోడకేసి చూశాను. "ఏయే రోజులు?" అంది. గుర్తులేదన్నాను. పెన్ను కిందపెట్టేసింది. "అయితే ఆ రెండు వేళ్ళు ఏ రోజుల్లో తీసివేయాలో తెలీదు. నెలంతా చెత్తబుట్టే."

పుస్తకం ముందుకు లాక్కుని, "నేనంటే మీకు పడదని తెలుసు. పొట్టల సంగతి ముందే ఎందుకు చెప్పలేదు?" అంది.

"మీ పుస్తకంలో దానికి గడి లేదమ్మా."

"అడగలేదు, నా తప్పే" అని అప్పటికప్పుడు ఇంకో గడి గీసింది. చూశావా? ఇందులో కూడా నాకంటే పెద్దమనిషి అనిపించుకుంది. ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ నెలరోజులు కొలవాలట, పలక పక్కన ఆవిడే నిలబడుతుందట. నిలబడాల్సిందే, నేనైనా నన్ను నమ్మను.

తన రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని ఆవిడ నీకు రాస్తోంది. "కారణం నేను రాయను, మీరే రాయండి" అంది. అందుకే ఈ ఉత్తరం. ముందే ఎత్తేస్తారని పడవలవాళ్ళు ఆశపెట్టుకున్నారు. లెక్కలు ఎవరు చెడగొట్టారని నిన్ను నిలదీస్తారు. నా పేరు చెప్పు. మీ అన్నయ్యనని కూడా చెప్పు, దాచకు. దాస్తే నీ మాట కూడా ఎవరూ నమ్మరు. ఈ కాగితం ఫైల్లో పెట్టుకో. రేవులో నా పని పోతే పోనీ, మీ వదినకి నేనే చెప్పుకుంటాను.

ఆవిడ మాట ఎన్నోసార్లు విన్నావు. ఒక్కసారి నాది విను. శుక్రవారం సంతకం పెట్టకు.

ఇట్లు,
నువ్వు కూర్చోమన్న అన్నయ్య